వరద తీశాక చెమ్మ గోడలు, బూజు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్లు మునిగాయి. కొన్ని కాలనీల్లో వారం దాటినా నీళ్లు తీయలేదు. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. అక్కడ నీళ్లు త్వరగానే తీశాయి గానీ ఇళ్ల నిండా బురద మేటలు మిగిలాయి. రెండు చోట్లా వరదే, కానీ తర్వాత చేయాల్సిన పని ఒకటి కాదు. మురుగు కలిసి రోజుల తరబడి నిలిచిన నీళ్లు గోడ లోపలికంటా దిగుతాయి. ఒక్క రోజులో వచ్చి పోయిన ఏటి నీళ్లు ఎక్కువగా పైపైనే పాడు చేస్తాయి. మేడ మీద నుంచి కారిన వాన నీళ్లయితే లెక్క మళ్లీ వేరు.

పక్కింటివాళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లారని మనమూ చల్లడం, ఎదురింటివాళ్లు పుట్టీ గీకించారని మనమూ గీకించడం వల్లే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా వరస మాత్రం మారదు: ముందు ఆరబెట్టడం, తర్వాత మందు, చివర రంగు. వరస తప్పితే ఎంత ఖరీదైన మందూ, ఎంత పేరున్న రంగూ ఆరు నెలలు నిలవవు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఏ నీళ్లు? పైకప్పు నుంచి కారినవీ, పైపు పగిలి వచ్చినవీ శుభ్రమైన నీళ్లు. వాటిలో తడిసిన పరుపునూ, పుస్తకాలనూ కాపాడుకోవచ్చు. డ్రైనేజీ కలిసిన వరద నీళ్లను పీల్చుకున్న మెత్తని వస్తువు దేన్నయినా వదిలేయడమే మంచిది.

ఎంతసేపు తడిగా ఉంది? తడి వస్తువు మీద 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కంటికి కనబడడానికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. రెండు రోజుల్లోపు ఇంటికి చేరినవాళ్లకు ఆరబెట్టడమే అసలు పని. వారం తర్వాత తాళం తీసినవాళ్లు మాత్రం బూజు ఉందనే అనుకుని మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లాలి.

తడిసింది ఏది? స్టీలు, గాజు, టైల్స్, గ్రానైట్ నీళ్లు తాగవు, తుడిస్తే సరిపోతుంది. ఇటుక, సిమెంటు ప్లాస్టరింగ్, టేకు తాగుతాయి గానీ ఆరితే మళ్లీ మామూలవుతాయి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పొట్టు, పీచు అదిమి చేసిన బల్లలు), జిప్సం, పీచు పరుపు తాగాక ఆరినా కోలుకోవు.

ముందున్నది ఏ కాలం? కోస్తాలో సెప్టెంబర్‌లో మునిగిన ఇంటికి ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. తుపాను వానలు పడితే గోడకు నిజంగా ఆరే అవకాశం డిసెంబర్ తర్వాతే. తెలంగాణలో అక్టోబర్ దాటితే గాలి పొడిబారుతుంది కాబట్టి అదే మందం గోడ అక్కడ ముందుగా ఆరుతుంది.

ఇంట్లో ఎవరున్నారు? ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఉంటే బూజు గీకేటప్పుడు వాళ్లు ఆ ఇంట్లోనే ఉండకూడదు. ఈ ఒక్క కారణంతోనే చవక మార్గం వదిలి ఖరీదైనది ఎంచుకోవాల్సి రావచ్చు.

వీటన్నిటికంటే ముందు కరెంటు. మెయిన్ ఆఫ్ చేయకుండా తడి గోడను ముట్టుకోవద్దు. నీళ్లు స్విచ్ బోర్డుల ఎత్తుకు వచ్చి ఉంటే గోడలో ఉన్న పైపుల్లో ఇంకా నీళ్లు ఉంటాయి. బోర్డు మూతలు తీయించి, ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి వైరింగ్ ఇన్సులేషన్ కనీసం 1 మెగాఓమ్ చూపించాకే ఎంసీబీ పైకెత్తాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పనిచేస్తాయో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టడం వల్ల బాగయ్యేవి కూడా కాలిపోతుంటాయి.

## ఆరబెట్టడం: కిటికీ గాలా, ఫ్యానా, ఏసీనా?

గోడలో ఎన్ని నీళ్లున్నాయో ఒక లెక్క చూడండి. పది అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల మందం ఉన్న ఇటుక గోడ మూడడుగుల ఎత్తు వరకు మునిగిందంటే తడిసిన భాగం బరువే దాదాపు టన్ను. అందులో పదో వంతు నీళ్లు పీల్చుకున్నా వంద లీటర్లు. ఇది ఒక్క గోడ సంగతి. రెండు రోజులు ఫ్యాను పెట్టి పైన తెల్లబడగానే ఆరిపోయిందనుకుంటే లోపలున్నది అలాగే ఉంటుంది. మందానికి అంగుళానికి నెల చొప్పున అనేది ఒక మోటు లెక్క. రెండు వైపులా గాలి తగిలే తొమ్మిదంగుళాల గోడకు నాలుగైదు నెలలు పడుతుంది.

| మార్గం | ఎప్పుడు పనిచేస్తుంది | ఎక్కడ చెడుతుంది | ఎవరికి |
|---|---|---|---|
| కిటికీలు, తలుపులు తీయడం | ఎండ ఉన్న రోజు, 11 నుంచి 4 గంటల వరకు | వాన, రాత్రి, తెల్లవారుజాము | అందరికీ, మొదటి రోజు నుంచి |
| ఫ్యాన్లు | బూజు ఇంకా రాని తడి మీద | బూజు ఉంటే దాని పొడిని ఇల్లంతా చిమ్ముతుంది | రెండు రోజుల్లోపు ఇంటికి చేరినవాళ్లకు |
| ఏసీ డ్రై మోడ్ | తలుపులు మూసిన చిన్న గదిలో | అవుట్‌డోర్ యూనిట్ మునిగి ఉంటే పనికిరాదు | పై భాగం తడవని పడకగది ఉన్నవాళ్లకు |
| డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమ లాగే మిషన్) | వానలు ఆగని వారాల్లో, మూసిన గదిలో | కిటికీ తెరిచి ఉంటే వీధి గాలిని ఆరబెడుతుంది | అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్, ఉబ్బసం ఉన్న ఇల్లు |
| కుంపటి, గ్యాస్ పొయ్యి | ఎప్పుడూ వద్దు | విషవాయువు, అదనపు తేమ | ఎవరికీ కాదు |

కిటికీ గాలికి ఖర్చు లేదు. కానీ గాలి ఎండగా ఉన్నప్పుడే అది మందు. వాన పడుతున్నప్పుడు కిటికీలు బార్లా తీసి పెడితే బయటి తేమ లోపలికి వచ్చి గోడ ఇంకా తాగుతుంది. గాలిలో తేమ ఎంతుందో చూపే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, కొనుక్కోండి. లోపలి తేమ బయటి దానికంటే ఎక్కువుంటే తెరవండి, తక్కువుంటే మూయండి. గదిలో 60 శాతం దాటకుండా ఉంచగలిగితే కొత్త బూజు పట్టడం బాగా తగ్గుతుంది. ఈ మొత్తం పనిలో రూపాయికి రూపాయి ఫలితమిచ్చే వస్తువు ఇదొక్కటే.

ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప తేమను బయటికి పంపదు. పైగా సీలింగ్ ఫ్యాను గాలి తడిసిన కింది మూడడుగులకు సరిగా తగలదు. పెడెస్టల్ ఫ్యానును నేలకు దగ్గరగా, గోడ వెంబడి గాలి జారేలా వాలుగా పెట్టండి. ఇంకొక ఫ్యాను కిటికీలో బయటికి తిప్పి పెట్టండి. బీరువాలు, మంచాలు గోడకు కనీసం అడుగు ఎడంగా జరపండి. వెనక గోడ ఆరకపోతే ముందుగది ఆరినా లాభం లేదు.

ఏసీ, డీహ్యూమిడిఫైయర్ల సంగతిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే, పగలంతా తలుపులు తీసి ఉంచి మిషన్ కూడా నడపడం. పగలు ఎండ ఉంటే మిషన్ ఆపి కిటికీలు తీయండి, సాయంత్రం మూసి మిషన్ వేయండి. డీహ్యూమిడిఫైయర్ డబ్బా మీద రాసే “రోజుకు 20 లీటర్లు” లాంటి అంకె బాగా తేమగా, వేడిగా ఉన్న గదిలో కొలిచింది. గది ఆరేకొద్దీ డబ్బాలో పడే నీళ్లు తగ్గుతాయి. అది మిషన్ లోపం కాదు, పని అవుతోందనడానికి గుర్తు.

కుంపటి గురించి ఒక్క మాట. మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి గది ఆరబెట్టేవాళ్లు కూడా ఉన్నారు. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీరు ఆవిరై గదిలోకే వస్తుంది. జనరేటర్ ఎప్పుడూ ఇంటి బయట, కిటికీలకు దూరంగానే ఉండాలి.

## బూజు మందులు: ఏది ఎక్కడ?

గోడ మీద తెల్లగా కనబడేదంతా బూజు కాదు. చెమ్మ ఆరేటప్పుడు ఇటుకలోని ఉప్పు పైకి పొంగి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. దాని మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. కరిగిపోతే ఉప్పు, కరగకుండా నూగులా అతుక్కుంటే బూజు. ఉప్పుకు ఏ మందూ అక్కర్లేదు, పొడి బ్రష్షుతో దులిపితే చాలు. నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే పోతుంది.

బూజు అని తేలాక చాలామంది నేరుగా బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి వెళ్తారు. అసలు మొదటి మందు బట్టల సబ్బు పొడి. బురద, జిడ్డు ఉన్నచోట క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోయి బూజు దాకా రాదు. పైగా టైల్స్, స్టీలు, గాజు, ఫైబర్ కుర్చీల మీద సబ్బు నీళ్లతో గట్టిగా తోమి ఆరబెడితే బూజు పోతుంది. మురుగు తగలనిచోట ఆ తర్వాత ఇంకేమీ అవసరం ఉండదు.

బ్లీచింగ్ పౌడర్. మురుగు తగిలిన గట్టి ఉపరితలాలకు ఇదే సరైనది, చవక కూడా. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి లీటరు నీటికి ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 10 గ్రాములు. కలిపి పావుగంట వదిలితే అడుగున మడ్డి దిగుతుంది, పైన తేట మాత్రం వంచుకోండి. మడ్డితో సహా పూస్తే గోడ మీద తెల్లటి పొర మిగిలి, తర్వాత రంగు పట్టదు. పూశాక పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. ఏ రోజుకా రోజు కలుపుకోవాలి. మూత సరిగా లేక ఘాటు పోయిన పౌడర్‌లో పస ఉండదు. సీసాల్లో దొరికే 4, 5 శాతం ద్రవ బ్లీచ్ అయితే లీటరు నీటికి 60 మిల్లీలీటర్లు.

దీని బలహీనత పీల్చుకునే వస్తువుల దగ్గర బయటపడుతుంది. ప్లాస్టరింగ్ మీదా, చెక్క మీదా పూస్తే క్లోరిన్ పైనే ఖర్చయిపోతుంది, నీరు మాత్రం లోపలికి దిగుతుంది. నలుపు రంగు పోయి గోడ తెల్లబడుతుంది కాబట్టి పని అయిందనిపిస్తుంది. మూడు వారాల తర్వాత అదే చోట మచ్చ తిరిగొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇనుప గ్రిల్స్, అల్యూమినియం గిన్నెలు, రంగు బట్టలు దీనికి దూరంగా ఉంచాలి.

ఇంకో సంగతి బాత్రూమ్ కడిగేటప్పుడు గుర్తుండాలి. బ్లీచింగ్ పౌడర్‌నూ టాయిలెట్ యాసిడ్‌నూ ఒకేచోట పోస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. వెనిగర్‌తో కలిపినా అంతే. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిపితే ఇంకో విషవాయువు. వరద తర్వాత ఇల్లు కడిగేవాళ్లు ఉన్న సీసాలన్నీ ఒకే బకెట్లో వంచడం మామూలే, ప్రమాదం అక్కడే ఉంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపుల్లో మామూలుగా దొరికేది 6 శాతం. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. స్ప్రే చేసి పది నిమిషాలాగి తుడవాలి. ఘాటు వాసన ఉండదు, ఉబ్బసం ఉన్న ఇంట్లో బ్లీచ్ కంటే ఇది మేలు. చిన్న మచ్చలకు సరే, నాలుగు గోడలకు వాడాలంటే ఖర్చు భరించలేం. రంగు చెక్కను కొంచెం వెలిసిపోయేలా చేస్తుంది.

వెలిగారం (బోరాక్స్). చెక్క సామానుకు, అటక బల్లలకు, తలుపు ఫ్రేములకు మా ఓటు దీనికే. లీటరు వేడి నీటిలో 40, 50 గ్రాములు కరిగించి, సబ్బుతో తోమి తుడిచిన చెక్క మీద బ్రష్షుతో పూసి కడగకుండా వదిలేయాలి. ఆరాక చెక్కలోనే ఉండిపోయి బూజును మళ్లీ రానివ్వదు. పాకే పిల్లల చేతికి అందేచోట, వంటగది గట్ల మీద మాత్రం వద్దు.

వెనిగర్. చిన్న మచ్చలకు, షవర్ కర్టెన్లకు పర్వాలేదు. కొన్ని రకాల బూజు దీనికి లొంగదు. పాలరాయి, కడప బండల మెరుపు తినేస్తుంది. వరద ఇంటికి ఇది సరిపోదు.

మందు ఏదైనా ఎండిన బూజును చీపురుతో దులపకండి. దులిపితే కంటికి కనబడని గింజలు లక్షల్లో లేచి మిగతా గదుల్లో కూర్చుంటాయి. ముందు నీటి తుంపర చల్లి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. ఎన్‌95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే బురద వాసన ఆగుతుంది గానీ బూజు గింజలు ఆగవు.

## గోడలు: గీకాలా, చెక్కాలా, అలాగే ఉంచాలా?

ఎక్కువ డబ్బు ఖర్చయ్యేదీ, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. మార్గాలు మూడు.

మొదటిది, రంగూ పుట్టీ గీకి ప్లాస్టరింగ్ ఉంచేయడం. మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి సరిపోయేది ఇదే. నీటి గీత కనబడినచోట నుంచి ఇంకో అడుగు, అడుగున్నర పైకి కొలిచి సుద్దతో గీత గీయండి. ఇటుక నీటిని పైకి లాగుతుంది కాబట్టి చెమ్మ నీటి మట్టం దగ్గరే ఆగదు. ఆ గీత కింది పుట్టీ అంతా, ఊడినదైనా ఊడనిదైనా, పుట్టీ బ్లేడుతో తీసేయాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడ అయితే ఈ పని తొందరగా చేయాలి. ఆ పొర గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టు ఉంటుంది, లోపలి తేమను బయటికి రానివ్వదు. బుడగలు లేచినచోట సూదితో పొడిస్తే నీళ్లు కారడం చూస్తారు.

రెండోది, ప్లాస్టరింగ్ చెక్కేయడం. ఎక్కడ చెక్కాలో చెవి చెబుతుంది. చిన్న సుత్తి పిడితో గోడంతా తడుతూ వెళ్లండి. గట్టి శబ్దం వస్తే వదిలేయండి. డొల్లగా మోగితే ప్లాస్టరింగ్ ఇటుకను వదిలిందని అర్థం, అంతవరకు చెక్కించాలి. గోరుతో గీస్తే ఇసుక రాలేచోట కూడా అంతే. గోడంతా చెక్కి కొత్తగా వేద్దామనే మేస్త్రీ మాటకు వెంటనే తలూపకండి. బాగున్న సిమెంటు ప్లాస్టరింగ్ ఆరితే ఎప్పటిలా నిలుస్తుంది. జిప్సం ప్లాస్టరింగ్, పీవోపీ అయితే ఈ లెక్క లేదు, మునిగినంత మేర తీసేయాల్సిందే. జిప్సం పార్టిషన్లకూ అంతే, లోపలి వైపు కాగితమే బూజుకు మేత.

చెక్కినచోట వెంటనే కొత్త ప్లాస్టరింగ్ వేయించకండి. ఇటుక బయటపడి ఉన్న ఆ వారాలే గోడ బాగా ఆరే వారాలు.

మూడోది, గీకకుండా పైన డ్యాంప్‌ప్రూఫ్ పూత వేయడం. రెండు రోజుల్లో అయిపోతుంది, గోడ కొత్తగా కనబడుతుంది, అద్దెకు ఇచ్చే ఇంటికి యజమానులు ఎక్కువగా ఎంచుకునేది ఇదే. లోపలికి దిగిన నీళ్లకు అటు దారి మూసేస్తే ఇటు, అంటే పక్క గదిలోకో, పూత లేని పైభాగానికో తేలతాయి. పూత వెనక ఉప్పు పేరుకుని మొత్తం పొరను పెచ్చులుగా తోసేస్తుంది. వాటర్‌ప్రూఫ్ పూతలు బయటి నుంచి వచ్చే నీటిని ఆపడానికి, లోపల ఉన్నదాన్ని బంధించడానికి కాదు.

ఆరిందో లేదో తెలియాలంటే అడుగు చదరం పాలిథీన్ షీటు తీసుకుని నాలుగంచులా టేపు వేసి గోడకు అతికించండి. ఇరవై నాలుగు గంటల తర్వాత లోపలి వైపు ఆవిరి పట్టినా, కింది గోడ ముదురు రంగుకు మారినా ఇంకా తడి ఉంది. నేలకు అడుగు ఎత్తులో ఒకటి, మూడడుగుల ఎత్తులో ఒకటి అతికిస్తే చెమ్మ కిందికి దిగుతోందో లేదో కూడా తెలుస్తుంది.

మట్టితోనో పాత సున్నంతోనో కట్టిన గోడల సంగతి వేరు. విజయవాడలో 2024లో ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు పెట్టారు. సిమెంటు ఇంట్లో, నేల మీద తడి బురదకు ఆ ఒత్తిడి బాగానే పనిచేస్తుంది. మట్టి జోడింపు ఉన్న గోడకు అదే ఒత్తిడి తగిలితే ఇటుకల మధ్య మట్టి కొట్టుకుపోతుంది. అలాంటి ఇంట్లో బకెట్టు, మగ్గుతోనే పని చేయాలి. గోడ వాలినా, మూలల్లో వేలు దూరేంత పగులు వచ్చినా లోపలికి వెళ్లకుండా ఇంజనీరును పిలవండి.

## సామాను: ఉంచేవి, వదిలేవి

| వస్తువు | వాన నీళ్లు, ఒక రోజు | మురుగు నీళ్లు, మూడు రోజులు |
|---|---|---|
| దూది పరుపు | కుట్లు విప్పి దూది ఎండబెట్టి ఏకించుకోవచ్చు | పారేయాలి |
| ఫోమ్, పీచు పరుపు | ఫోమ్ పల్చనిదైతే చూడొచ్చు, పీచు వద్దు | పారేయాలి |
| టేకు మంచం, తలుపు | నీడలో ఆరబెట్టాలి | కడిగి, వెలిగారం పూసి నీడలో ఆరబెట్టాలి |
| ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ | ఆరుతుంది | పొరలు విడకపోతే ఉంచొచ్చు |
| పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అల్మరాలు | అంచులు ఉబ్బితే పోయినట్టే | పారేయాలి |
| స్టీలు బీరువా | తుడిచి, తలుపులు తీసి ఆరబెట్టాలి | కడిగి, తుప్పు గీకి ప్రైమర్ వేయాలి |
| బియ్యం, పప్పులు, కారం | తడిసినవి వద్దు | సీల్ చేసిన ప్యాకెట్లయినా వద్దు |
| స్టీలు, ఇత్తడి గిన్నెలు | తోమితే చాలు | తోమి, మరిగే నీటిలో ముంచి తీయాలి |

తడిసిన తలుపు పట్టేసిందని వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చిత్రిక పట్టిన తలుపు ఆరాక ఇంకా సన్నబడి, ఫ్రేముకూ తలుపుకూ మధ్య వేలు పట్టే సందు మిగులుతుంది. రెండు నెలలు ఆగండి. ఎర్రటి ఎండలో పెడితే టేకైనా పగులుతుంది.

మాడ్యులర్ కిచెన్‌లో ముందువైపు సన్‌మైకా బాగుందని మోసపోకూడదు. డబ్బాను గోడ నుంచి విప్పి వెనక బల్ల చూడండి. గోడకు ఆనుకున్న ఆ బల్ల చాలాసార్లు చవక రకం. బూజు వాసన వచ్చేది అక్కడి నుంచే. డబ్బా మెరైన్ ప్లై అయితే వెనక బల్ల ఒక్కటి మార్చి మిగతాది దక్కించుకోవచ్చు.

పట్టుచీరలను తడి మడతలోనే వదిలితే అంచు రంగు ఒంటికి దిగుతుంది. ముందు మడతలు విప్పి, మంచినీళ్లలో బురద పోయేలా జాడించి, పిండకుండా నీడలో పరచండి. బ్లీచ్, సబ్బు పొడి, ఎండ మూడూ జరీకి శత్రువులే. ఆ తర్వాతే డ్రైక్లీనింగ్.

సర్టిఫికెట్లు, దస్తావేజులు, పాస్‌బుక్కులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే లాగి విడదీయకండి. రెండు రోజుల్లో ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మునగని ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టించండి. గడ్డకట్టిన కాగితం మీద బూజు పెరగదు. తీరిక దొరికాక కొన్ని కొన్ని బయటికి తీసి, పేజీల మధ్య అచ్చులేని తెల్ల కాగితం పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టుకోవచ్చు. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా అంటుకుంటుంది. లామినేషన్ లోపలికి నీళ్లు దిగి ఉంటే ముందు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి, డూప్లికేట్ దరఖాస్తుకు అందులోని నంబర్లే ఆధారం.

పారేసే వస్తువునైనా పారేయకముందు నీటి గీతతో సహా ఫొటో తీయండి. నష్టపరిహారానికీ ఇన్సూరెన్సుకూ సర్వే చేసేవాళ్లు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటే చూపించడానికేమీ మిగలదు.

## రంగు: సున్నమా, డిస్టెంపరా, ఎమల్షనా?

సెప్టెంబర్‌లో మునిగిన ఇంటికి దసరాకి రంగులు వేయాలన్న తొందర సహజం. ఆ తొందరను తట్టుకోగలిగేది సున్నం ఒక్కటే. సున్నం గోడను మూసేయదు, లోపలి చెమ్మ దాని గుండా బయటికి పోతుంది. దాని క్షార గుణం వల్ల బూజు కూడా త్వరగా పట్టదు. రాళ్ల సున్నాన్ని ముందు రోజే నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, కొంచెం జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయాలి. కొన్నిచోట్ల అంటుకోవడానికి ఉప్పు కలుపుతారు, ముంపు గోడకు మాత్రం వద్దు. ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. కొందరు పెయింటర్లు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. బూజుకు అది పనిచేస్తుంది గానీ విషం. వంటగదిలోనూ, పిల్లలు గోడకు ఆనుకునే ఎత్తులోనూ వేయనివ్వకండి. సున్నానికి ఉన్న ఇబ్బందులు మీకు తెలిసినవే, చేతికి అంటుతుంది, తుడిస్తే పోతుంది, ఏటా వేయాలి. మొదటి ఏడాదికి మాత్రం దీన్ని మించింది లేదు. అయితే పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు, గీకిన గోడ మీదే వేయాలి.

డిస్టెంపర్ మధ్యస్థం. కొంత గాలి ఆడుతుంది, అద్దె ఇంటికి చవక, కానీ చెమ్మ మిగిలి ఉంటే పొడిపొడిగా రాలుతుంది. పాలిథీన్ పరీక్షలో రెండు షీట్లూ పొడిగా వచ్చాక ఎమల్షన్‌కు వెళ్లండి. అప్పుడైనా తెల్ల సిమెంటు ఆధారంగా తయారైన పుట్టీనే అడగండి, నీళ్లకు కరిగే చవక పుట్టీ వద్దు. కోస్తాలో ఆ రోజు సంక్రాంతి దాటాకే రావచ్చు.

## మీరే చేసుకోవాలా, మనుషుల్ని పెట్టాలా?

బూజు మొత్తం కలిపి మూడడుగులకు మూడడుగుల మేర లోపే ఉండి, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఉంటే మీరే చేసుకోండి. రెండు గదుల గోడలు నల్లబడితే, ఫాల్స్ సీలింగ్ లోపల బూజు వాసన వస్తే, ఏసీ డక్టుల్లోకి నీళ్లు వెళ్తే కూలి ఇచ్చి చేయించడమే నయం. పిలిచినవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: పని చేసే గదికీ మిగతా ఇంటికీ మధ్య ప్లాస్టిక్ తెర కడతారా? రంగు వేసే ముందు గోడ ఆరిందని ఎలా చూస్తారు? రెండోదానికి “చెయ్యి పెట్టి చూస్తాం” అనేది సమాధానమైతే ఇంకొకరిని వెతకండి. ఇల్లంతా ఏదో పొగ వేసి బూజు పోగొడతామనే ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది, దాన్ని తుడిచి తీయాల్సిందే.

అద్దెకు ఉండేవాళ్లకు లెక్క వేరు. గోడ పని యజమానిది, ఆరబెట్టడం మీది. గీకకుండా పైన పూత వేయిస్తానని యజమాని అంటే, ఆ డబ్బుతోనే గీకించి సున్నం వేయించమని అడగండి, ఖర్చు ఇంచుమించు అంతే అవుతుంది. మంచం తల గోడ వైపు పెట్టకండి. గోడ ఆరాక కూడా మొదటి ఏడాది బీరువాకూ గోడకూ మధ్య నాలుగంగుళాల సందు వదిలి, నెలకోసారి టార్చి వేసి వెనక చూడండి. చంటిపిల్లలో, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లో ఉండి, గదిలో తేమ రెండు వారాలైనా 70 శాతం నుంచి దిగకపోతే పై అంతస్తుకు మారడమే తక్కువ ఖర్చు.

సొంత ఇల్లు ఉండి మళ్లీ మునిగే ప్రాంతంలో ఉంటే, చెక్కిన ప్లాస్టరింగ్ తిరిగి వేయించేటప్పుడే స్విచ్ బోర్డులను నాలుగున్నర అడుగుల పైకి మార్పించండి. కింది వరస కిచెన్ డబ్బాలను ప్లైవుడ్‌కు బదులు కడప బండలతో కట్టించి తలుపులు మాత్రం పెట్టించండి. తర్వాత విడిగా చేయిస్తే దీనికే రెట్టింపు అవుతుంది.